ఫ్లోరిన్ వేరు, ఫ్లోరైడ్ వేరు

హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా తమ్ముళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, కెమిస్ట్రీలో ఈ పేర్లన్నీ ఎట్లా గుర్తుపెట్టుకోవాలె?" వాళ్ళ బాధ నిజమే. సల్ఫైడ్, సల్ఫైట్, సల్ఫేట్ అంటూ అన్నీ కవల పిల్లల్లా ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు ఇంకో తిప్పలు. పదో తరగతి దాకా 'సమయోజనీయ బంధం' అని చదివింది ఇంటర్‌లో అడుగుపెట్టగానే 'కోవలెంట్ బాండ్' అయిపోతుంది. విషయం అదే, వేషం వేరు.

సంచికకు వ్యాసం రాయమన్నారు కనుక ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడే రాస్తున్నాను. రసాయన పదార్థాల పేర్లు బట్టీ పట్టడానికి పెట్టినవి కావు. లోపల ఏ పరమాణువు దేనితో కలిసి ఉందో, ఎట్లా కలిసి ఉందో పేరే చెప్పాలని పెట్టినవి. బంధం అర్థమైతే పేరు దానంతటదే వస్తుంది. పేరు సరిగా చదవడం వస్తే మార్కులే కాదు, కొన్నిచోట్ల ప్రాణాలూ నిలుస్తాయి.

పూర్వం ఇట్లా ఉండేది కాదు. కిరాణా కొట్లో, ఆయుర్వేద మందుల దుకాణంలో ఇప్పటికీ వినిపించే పేర్లు చూడండి: మైలుతుత్తం, అన్నభేది, పటిక, సురేకారం, పాత్రలకు కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం. వినడానికి అందంగానే ఉంటాయి గానీ, మైలుతుత్తంలో రాగి ఉందని ఆ పేరును బట్టి ఎవరూ చెప్పలేరు. కాపర్ సల్ఫేట్ అంటే చెప్పగలం. యూరప్‌లోనూ అదే గందరగోళం ఉండేది. 1787లో పారిస్‌లో గైటన్ ద మోర్వో, లవోయిజర్, బెర్తొలే, ఫోర్‌క్రొయ్ అనే నలుగురు కలిసి పదార్థంలో ఏముందో దాన్నిబట్టే పేరు పెట్టాలని ఒక పద్ధతి తయారుచేశారు. (ఏడేళ్ళ తర్వాత విప్లవ ప్రభుత్వం లవోయిజర్ తల నరికించింది. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం బతికింది.) ఇప్పుడు ప్రపంచమంతటికీ ఈ నియమాలు చూసే ఐయూపీఏసీ అనే సంస్థ 1919లో ఏర్పడింది.

ఇక మన జిల్లా సంగతితోనే పాఠం మొదలుపెడదాం. మా మర్రిగూడ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ 'ఫ్లోరిన్ నీళ్ళు' అనే అంటారు. పేపర్లలోనూ చాలాసార్లు అట్లాగే రాస్తారు. నిజానికి ఏ బావిలోనూ, ఏ బోరులోనూ ఫ్లోరిన్ ఉండదు. ఉండేది ఫ్లోరైడ్. చివరి అక్షరాలే కదా తేడా అనుకుంటారేమో! ఫ్లోరిన్ లేత పసుపు రంగు వాయువు, మూలకాలన్నిటిలోకీ మహా చురుకైనది. నీళ్ళు తగిలితే నీళ్ళతోనే చర్య జరుపుతుంది. దాన్ని విడిగా పట్టుకోబోయి పందొమ్మిదో శతాబ్దంలో కొందరు శాస్త్రవేత్తలు గాయపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886లో మొయిసాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త సాధించాడు. ఆయనకు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఫ్లోరైడ్ అంటే? ఫ్లోరిన్ పరమాణువులో 9 ఎలక్ట్రాన్లుంటాయి. లోపలి కర్పరంలో 2, బయటి కర్పరంలో 7. బయటి కర్పరంలో 8 ఉంటేనే పరమాణువుకు స్థిమితం. ఒక్కటి తక్కువైంది కనుక ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుంటుంది. ఆ ఒక్క ఎలక్ట్రాన్ వచ్చి చేరగానే దాని ఆవేశం తీరిపోయి, ఒక రుణావేశంతో అయాన్‌గా మారుతుంది. అదే ఫ్లోరైడ్. క్లోరిన్ క్లోరైడ్ అయ్యేదీ, అయోడిన్ అయోడైడ్ అయ్యేదీ ఇట్లాగే. చివర 'ఐడ్' అని కనబడితే అక్కడ ఎలక్ట్రాన్లు తీసుకున్నవారు ఉన్నారని సాధారణంగా అర్థం. తీసుకున్నవారుంటే ఇచ్చినవారూ ఉండాలి కదా. సోడియం బయటి కర్పరంలో ఒక్కటే ఉంటుంది, అది ఇచ్చేస్తుంది. కాల్షియం రెండు ఇస్తుంది. ఇచ్చినది ధనావేశం, పుచ్చుకున్నది రుణావేశం. రెండూ ఆకర్షించుకుని పట్టుకుంటే అది అయానిక బంధం. పేరులో ఇచ్చినది ముందు, పుచ్చుకున్నది వెనుక: సోడియం క్లోరైడ్, కాల్షియం ఫ్లోరైడ్.

కాల్షియం రెండు ఇస్తుంది, ఫ్లోరిన్ ఒకటే పుచ్చుకుంటుంది. కనుక ఒక కాల్షియానికి రెండు ఫ్లోరైడ్‌లు కావాలి. అయినా 'కాల్షియం డైఫ్లోరైడ్' అని ఎందుకు అనం? అనవసరం కాబట్టి. కాల్షియం రెండు కాక ఇంకో లెక్కలో ఇవ్వదు. లెక్క ముందే తెలిసినచోట పేరులో మళ్ళీ చెప్పరు.

ఈ కాల్షియం ఫ్లోరైడే మన కథలో ముఖ్యపాత్ర. మన ప్రాంతపు గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. నీరు ఏళ్ళ తరబడి ఆ రాళ్ళ సందుల్లో నిలిచినప్పుడు కొంత కరుగుతుంది. ఆ నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కి చేరుస్తుంది. అది లీటరు నీటికి సుమారు 16 మిల్లీగ్రాములకు మించి కరగదు. అదే సోడియం ఫ్లోరైడ్ అయితే లీటరుకు 40 గ్రాముల దాకా కరుగుతుంది. అంటే కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ అడ్డు లేకుండా తిరుగుతుంది. ఆ నీళ్ళు మనం తాగుతాం. మన ఒంట్లో కాల్షియం ఎక్కడుంది? ఎముకల్లో, పళ్ళలో.

ఎముకలోని ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. అందులో 10 కాల్షియంలకు 6 ఫాస్ఫేట్‌లు, 2 హైడ్రాక్సైడ్‌లు ఉంటాయి. హైడ్రాక్సైడ్‌కు ఒక రుణావేశం, ఫ్లోరైడ్‌కూ ఒక రుణావేశమే. పరిమాణంలోనూ రెండూ ఇంచుమించు సమానం. బస్సులో ఒకరు లేవగానే అదే సీట్లో ఇంకొకరు కూర్చున్నట్టు, హైడ్రాక్సైడ్ స్థానంలో ఫ్లోరైడ్ చేరుతుంది. కాస్త చేరితే పంటికి మేలే, పుచ్చు తొందరగా పట్టదు. ఎక్కువైతే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

మా తాత నడుము బిగుసుకుపోయి, ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మొత్తం మనిషే తిరిగేవాడు. ఇంట్లో మా నాయనమ్మ నీళ్ళు మరగబెట్టి ఇచ్చేది. మరగబెడితే దోషం పోతుందని ఊళ్ళో అందరి నమ్మకం. క్రిములకైతే ఆ మాట నిజమే. ఫ్లోరైడ్ మాత్రం క్రిమి కాదు, అయాన్. ఆవిరయ్యేది నీరే, అయాన్ గిన్నెలోనే ఉండిపోతుంది. నీరు తగ్గినకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కూడా. ఇది ఊళ్ళో చెప్పేవాళ్ళు లేకపోయారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. అయాన్ అన్న మాట మా ఇంట్లోకి వచ్చేసరికి తాత లేడు.

ఈ ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన 'నల్లగొండ టెక్నిక్' అది. నీళ్ళలో పటిక, పటికలో సుమారు ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. పటిక నుంచి అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. తర్వాత వడపోస్తారు. అయాన్‌ను వదిలించాలంటే దాన్ని పట్టుకునే ఇంకో జత చూపాలి, మంట సరిపోదు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో మా ఊళ్ళకు నది నీళ్ళు వచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం నీళ్ళు మారగానే నిటారు కావు.

ఈ పద్ధతిలో వాడే పటిక అల్యూమినియం సల్ఫేట్. ఈ 'ఏట్' ఏమిటి? ఆక్సిజన్ కూడా చేరిన గుంపు అని సూచన. సల్ఫైడ్‌లో ఆక్సిజన్ లేదు. సల్ఫైట్‌లో 3, సల్ఫేట్‌లో 4. నైట్రైట్‌లో 2, నైట్రేట్‌లో 3. 'ఏట్' అంటే ఇన్ని అని స్థిరమైన లెక్క కాదు, 'ఐట్' కంటే ఎక్కువ అని మాత్రమే. (హైడ్రాక్సైడ్‌లో ఆక్సిజన్ ఉన్నా 'ఐడ్' అనే అంటారు. నియమం ఉన్నచోట ఇట్లాంటి మొండివాళ్ళు ఒకరిద్దరు తప్పరు.)

ఈ తోకలు తారుమారైతే ఏమవుతుందో బేరియం చెబుతుంది. కడుపు ఎక్స్‌రే తీసేముందు కొందరితో సున్నపు నీళ్ళలాంటి తెల్లటి ద్రవం తాగిస్తారు. అది బేరియం సల్ఫేట్. బేరియం అయాన్ విషం. కానీ సల్ఫేట్ దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, నీటిలోనూ కడుపులోని ఆమ్లంలోనూ దాదాపు వదలదు. వెళ్ళింది వెళ్ళినట్టే బయటికి వచ్చేస్తుంది. బేరియం కార్బొనేట్ కూడా తెల్లటి పొడే, చూపుకు తేడా తెలియదు. అది కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిసి బేరియం క్లోరైడ్‌గా మారి కరిగిపోతుంది. ఎలుకల మందుగా వాడేవారు దాన్ని. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే కోసం ఇచ్చిన మందులో బేరియం కార్బొనేట్ కలిసిపోయి పలువురు రోగులు చనిపోయారు. రెండింటి పేర్లలోనూ మొదటి మాట ఒకటే. ప్రాణం ఉన్నది రెండో మాటలో.

ఇనుము సంగతి చూడండి. వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేసే వీరులు మన హాస్టల్లో ఉన్నారని నాకు తెలుసు! అందులో సాధారణంగా ఉండేది ఫెర్రస్ సల్ఫేట్, అంటే మన అన్నభేదే. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు ఇస్తే ఫెర్రస్, మూడు ఇస్తే ఫెర్రిక్. కాల్షియంలాగా దీనికి ఒకటే లెక్క లేదు కనుక పేరులోనే చెప్పాలి. ఇప్పటి పద్ధతిలో ఐరన్ టూ, ఐరన్ త్రీ అంటారు. పేగులు ఫెర్రస్‌నే సులువుగా తీసుకుంటాయి. నిమ్మరసం దానికి సాయం, టీ అడ్డం. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకండి.

ఇచ్చిపుచ్చుకోవడానికి రెండూ ఒప్పుకోనప్పుడు ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా పెట్టుకుంటాయి. అదే సమయోజనీయ బంధం, ఇంటర్‌లో చెప్పే కోవలెంట్ బాండ్. ఉమ్మడి వ్యవహారంలో వాటాలు రకరకాలుగా కుదరవచ్చు. అందుకే ఇక్కడ పేరులో లెక్క తప్పనిసరి: మోనో అంటే ఒకటి, డై అంటే రెండు. కార్బన్ డయాక్సైడ్‌ను మనం ప్రతి నిమిషం వదులుతూనే ఉన్నాం. కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. చలికాలం తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి లేవకపోవడం దీనివల్లే.

చివరగా మీ పెట్టెలోని టూత్‌పేస్టు తీసి వెనకవైపు చదవండి. చాలా పేస్టుల మీద 'సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్' అని ఉంటుంది. ఇంత పొడుగు పేరా అని భయపడకండి. ఫాస్ఫేట్‌లో ఒక ఫాస్ఫరస్ చుట్టూ 4 ఆక్సిజన్‌లుంటాయి. అందులో ఒక ఆక్సిజన్ స్థానంలో ఒక ఫ్లోరిన్ చేరింది, అదే మోనోఫ్లోరో. ఇక్కడ ఫ్లోరిన్ అయాన్‌గా లేదు, ఫాస్ఫరస్‌తో సమయోజనీయ బంధంలో ఉంది. నోట్లోకి వెళ్ళాక మెల్లగా విడిపోయి ఫ్లోరైడ్ అవుతుంది, పంటి మీది హైడ్రాక్సైడ్ స్థానంలో చేరుతుంది. చిన్నపిల్లలు పేస్టు మింగకూడదని ట్యూబు మీద రాసేది ఇందుకే. ఈ గుంపుకు మొత్తం రెండు రుణావేశాలున్నాయి. మరి దానికి సోడియంలు ఎన్ని కావాలో, ఆ సంఖ్య పేరులో ఎందుకు లేదో మీరే చెప్పండి.