పట్టపగటి నక్షత్రము

పట్టపగలు చుక్కలు కనబడినవని ఎవరైన అన్నచో, పాపము వారికేదో కష్టము కలిగినదని అనుకొందుము. కాని పట్టపగలు కనబడు చుక్క నిజముగనే ఒకటి ఉన్నది. అది సూర్యుడు. తక్కిన నక్షత్రములు గొప్ప దూరదర్శినులలో సైతము చాలవరకు వెలుగు బిందువులుగనే మిగులును. తన ముఖమును, అందలి మచ్చలను, వాని మార్పులను దినదినము మనకు విపులముగా చూపు నక్షత్రము ఇది ఒక్కటియే. దీని కొరకై కట్టిన వేధశాలలు తక్కిన వేధశాలలు విశ్రమించు వేళ పని ప్రారంభించును.

హైదరాబాదు పాతబస్తీకి వేధశాల అను మాట క్రొత్తది కాదు. ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో నవాబు జఫర్ జంగ్ 1901లో సొంత ధనముతో ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని కొని ఒక వేధశాలకు అంకురార్పణ చేసెను. అదియే నిజామియా వేధశాల. ఆయన మరణానంతరము 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. పిమ్మట అది బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. అచట పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు చిన్ననాటనే ఆ పరికరముల నడుమ మెలగి, నిజాం కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డుకు వెళ్లి డాక్టరేటు పొంది, 1960లో కొడైకెనాల్ సౌర వేధశాలకు అధిపతి అయ్యెను. ఆయనయే వేణు బప్పు. పాతబస్తీలో నాటిన మొక్క నీడ అంత దూరము సాగినది. కనుక ఆ కొండను ఒకసారి చూచి వత్తము.

కొడైకెనాల్ తమిళనాడులో పళని కొండలపై ఉన్నది. కొడైకెనాల్ రోడ్డు స్టేషనులో రైలు దిగి, సుమారు 80 కిలోమీటర్లు ఘాటు రోడ్డున పైకి పోవలెను. 1899లో స్థాపింపబడిన ఈ వేధశాల సముద్రమట్టమునకు 2,343 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తు ఎందులకు? మైదానములోని దుమ్ము, పొగ చాలవరకు క్రిందనే నిలిచిపోవును. వేసవి మధ్యాహ్నము తారురోడ్డుపై గాలి అలలవలె వణకుట మనమందరము చూచినదే. ఆ వణకు సూర్యబింబమును చెదరగొట్టును. అందుచేతనే మేలైన పరిశీలనలు నేల వేడెక్కక పూర్వము, ఉదయముననే జరుగును. సందర్శకులకును ఉదయమే మంచి వేళ.

ఇచట ఎవరును దూరదర్శినికి కన్ను ఆనించి సూర్యుని చూడరు. 11 మీటర్ల గోపురముపై 60 సెంటీమీటర్ల అద్దమొకటి సూర్యుని గమనము ననుసరించి తిరుగుచుండును. అది పట్టిన వెలుగును రెండవ అద్దము క్రిందికి దింపును. మూడవ అద్దము దానిని 60 మీటర్ల సొరంగములోనికి మరల్చును. అచట ఒక కటకము ఆ వెలుగును 34 సెంటీమీటర్ల బింబముగా రూపొందించును. అది మనము భోజనముచేయు పళ్లెమంత ఉండును. సూర్యుడు ఆ పళ్లెమైనచో మన భూమి ఒక ధనియాల గింజ. అట్టి గింజలు కొన్నిటిని మ్రింగగల నల్లని మచ్చలు ఒక్కొక్కప్పుడు ఆ పళ్లెముపై కనబడును. 1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ ఈ మచ్చలలోని వాయువు నడిమినుండి వెలుపలికి ప్రవహించుచున్నదని ఈ కొండమీదనే కనుగొనెను.

వేధశాల ప్రదర్శనశాలలో సందర్శకులకు సూర్యుని ప్రత్యక్షబింబమును, వర్ణపటమును చూపుదురు. వర్ణపటమనగా సూర్యకాంతిని విడదీసిన రంగుల పట్టీ. దానియందలి సన్నని నల్లగీతలు సూర్యునిలోని మూలకముల చేవ్రాళ్లు. ఈ విద్యలో తెలుగు నేలకును పాలు కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణమును గుంటూరునుండి చూచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేకయే వర్ణపట సాధనముతో చూడవచ్చునని మరునాడే నిరూపించెను. సంపూర్ణ గ్రహణము కొరకు ఏండ్ల తరబడి వేచియుండు అవసరము తగ్గి, దినదిన పరిశీలనకు మార్గమేర్పడెను.

రేడియోగల ఇంటివారికి ఈ మచ్చలతో పనియేమి? పని ఉన్నది. దూరదేశపు షార్టువేవు ప్రసారములు ఆకాశమున మిక్కిలి ఎత్తునగల వాయుపొరలనుండి వెనుకకు మరలి మన రేడియోను చేరును. ఆ పొరలకు విద్యుద్గుణమిచ్చునది సూర్యుడే. మచ్చల చెంత పెద్ద విస్ఫోటనము కలిగినచో, దాని ఎక్స్ కిరణములు సుమారు ఎనిమిది నిమిషములలో భూమిని చేరి, క్రింది పొరను మార్చివేయును. అప్పుడది షార్టువేవు తరంగములను పీల్చివేయును. వినబడుచున్న స్టేషను పట్టపగలు హఠాత్తుగా మూగబోయినచో లోపము రేడియోలోనే ఉండవలెనని లేదు.

అయితే ఈ వేధశాల అసలైన సంపద గోపురము కాదు, చిత్రముల బీరువాలు. 1904 మొదలు, మబ్బులేని దినములలో, 15 సెంటీమీటర్ల చిన్న దూరదర్శినితో సూర్యుని ఛాయాచిత్రము తీయుచు వచ్చిరి. ఒక్క చిత్రము విలువ స్వల్పము. నూరేండ్లు దాటిన వరుస విలువ వెలకట్టరానిది. సుమారు 11 ఏండ్లకొకసారి మచ్చలు హెచ్చి తగ్గుచుండును. కాని ఏ రెండు చక్రములును సమానముగా ఉండవు. ఆ తేడా తెలియవలెనన్న తాతలు వ్రాసిన పద్దు మనుమలకు దక్కవలెను. నేడు ఆ పాత పలకలు కంప్యూటరులలోనికి ఎక్కి, తీసినవారు ఊహింపని ప్రశ్నలకు సమాధానములిచ్చుచున్నవి. నాటి పనివారు తమ శ్రమకు ఫలితము చూడకయే ఆ పని మానక చేసిరి.

కొండకు పోలేనివారు ఇంటనే సూర్యబింబమును చూడవచ్చును. కాని సూర్యునివైపు నేరుగా చూడరాదు. మసిపూసిన అద్దము, పాత ఎక్స్‌రే ఫిలిము రక్షణ కావు. కంటిలోని పొర నొప్పి తెలియకయే కాలిపోవును. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పవలెను. ఒక అట్టకు గుండుసూదితో రంధ్రము చేసి, ఎండ పడు కిటికీకి అమర్చి, గదిని చీకటి చేయుడు. నాలుగు మీటర్ల దూరమున తెల్లని కాగితముపై నాలుగు సెంటీమీటర్లకు కొంచెము తక్కువైన గుండ్రని వెలుగు పడును. అది రంధ్రపు ఆకారము కాదు, సూర్యుని బింబమే. గ్రహణ దినమున అదియే నెలవంకగా మారును. తక్కిన దినములలో అది కాగితముపై మెల్లగా ప్రక్కకు జరుగుట పిల్లలకు చూపుడు. జరుగుచున్నది సూర్యుడు కాదు, మనము నిలిచిన భూమి.