కొలతకు వచ్చిన సైకిలు

మదనపల్లె నుండి పుంగనూరునకు దారి సుమారు 30 కిలోమీటర్లు. బస్సులు లేకపోలేదు. అయినను బస్సు మన తీఱికను చూచి బయలుదేఱదు. పొయ్యి ఆర్పి, పిల్లలను బడికి పంపి మనము వీధిలోనికి వచ్చునప్పటికి అది వెళ్లిపోయి యుండును. లేనిచో నిలుచుటకైనను చోటు లేక వచ్చును. పుంగనూరున మా తల్లిగారు ఒంటరిగా నున్నారు. వారమున కొకమాఱైనను పోయి, వారి మందులు సరిచూచి, రెండు మంచి మాటలాడి, పిల్లలు బడినుండి వచ్చువేళకు మరలి రావలెనను కోరికయే మాచేత సైకిలు కొనిపించినది. చీటీ సొమ్ము చేతికి వచ్చినప్పుడు 25,000 రూపాయలకు లోబడి యొక రోడ్డు బైకును కొంటిమి. ఆ వెలకు మామూలు సైకిళ్లు మూడు వచ్చునని మా అత్తగారు లెక్కగట్టిరి. ఆ లెక్క తప్పు కాదు.

స్కూటరు కొనరాదా యని యడిగినవారు పెక్కండ్రు. స్కూటరు వెల మా చీటీకి అందదు. మఱియు, దాచనేల, చిన్ననాటినుండి మాకు సైకిలనిన మక్కువ.

ఈ జాతి సైకిలును చూడని సోదరీమణులకొఱకు రెండు మాటలు. దీని హ్యాండిలు పొట్టేలు కొమ్మువలె ముందునకు సాగి క్రిందికి వంగియుండును. చక్రములు పెద్దవి, టైర్లు సన్ననివి. తాతలనాటి నల్లసైకిలు 20 కిలోలకు తక్కువ తూగదు. మాది అల్యూమినియపు ఫ్రేముది గనుక 11 కిలోలు. మెట్ట యెక్కుటకు గేర్లు గలవు. క్యారియరు లేదు, చెయినుమీద మూత లేదు, నిలువబెట్టుటకు స్టాండైనను లేదు. చీర కట్టుకొని దీని నెక్కుట కుదరదు. చుడీదారు తొడిగి, కుడికాలి మడమవద్ద గుడ్డపట్టీతో బిగించుకొనవలెను. లేకున్న చెయిను దానిని నమిలివేయును. పుష్పకమున నెందఱెక్కినను ఇంకొకరికి చోటుండెడిదట. మా రథమున నొక్కరికి మాత్రమే చోటు. ఆ యొక్కరికిని మొదట చోటు చాలలేదు.

మొదటి నెల మేము పడిన బాధ యింతింత కాదు. అయిదు కిలోమీటర్లు పోవునప్పటికి అఱచేతులు తిమ్మిరెక్కెడివి. చిటికెనవ్రేలును దాని ప్రక్కవ్రేలును మొద్దుబాఱి, ఇంటికి వచ్చి పిండి పిసుకబోయిన పట్టు దొఱకెడిది కాదు. మెడ బిగిసెడిది. మోకాలిచిప్ప ముందుభాగమున నొప్పి. ఇక కూర్చుండుచోటి బాధ వైద్యురాలితో చెప్పుకొనుటకే మనకు సిగ్గు. పత్రికలో వ్రాయుట మఱింత సిగ్గు. అయినను అది వ్రాయకున్న ఈ వ్యాసము వలన నెవ్వరికిని ప్రయోజనము లేదు. ఒకనాడు పుంగనూరునకని బయలుదేఱి, సగము దారిలో చింతచెట్టు క్రింద కూలబడి, మదనపల్లె మార్కెటునకు పోవు బండిలో టమాటా ట్రేల నడుమ సైకిలును వేసికొని మరలి వచ్చితిమి. పొరుగింటి పెద్దమ్మ గుమ్మములోనే యెదురై, “ఆడవాళ్ల ఒంటికి అది పడదమ్మా, వచ్చినకాడికి అమ్మేయి” అని హితవు చెప్పినది.

ఈ మాట క్రొత్తది కాదు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అను నాంగ్లేయుడు నేటి రూపమున సైకిలును తీర్చెను; 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చెను. దానిపై స్త్రీలెక్క నారంభించినంతనే 1890ల నాటి వైద్యులు కొందఱు, సైకిలెక్కు స్త్రీల మొగము వికారమగునని, దానికి ‘సైకిలు మొగము’ అని పేరుపెట్టి భయపెట్టిరి. ఆ దినములలోనే అమెరికాలో మద్యనిషేధమునకై పోరాడిన ఫ్రాన్సిస్ విల్లార్డు తన 53వ యేట, దినమునకు పావుగంట చొప్పున సుమారు మూడు మాసములు సాధన చేసి సైకిలు నేర్చి, 1895లో దానిని గూర్చి పుస్తకము వ్రాసెను. తన సైకిలునకు గ్లాడిస్ అని పేరుకూడ పెట్టుకొనెను. ఆమె మొగమున కేమియు కాలేదు.

అయినను మా చేతుల తిమ్మిరి పుస్తకములచేత పోవునది కాదు గదా. 14,000 రూపాయలకు కొందునని యొక కుఱ్ఱవాడు వచ్చెను. ఆదివారము తీసికొనిపొమ్మంటిమి.

శనివారము రాత్రి మావారు విద్యార్థుల పరీక్షపత్రములు దిద్దుచు, తల యెత్తకయే, “సీటెంత యెత్తున నున్నదో కొలిచితివా?” అని యడిగిరి. రెండు కాళ్లును నేల కందునట్లు పెట్టుకొంటిమని చెప్పితిమి. “అది కుర్చీకి తగిన లెక్క” అనిరి. నలునకు అశ్వహృదయము తెలియును గాని లెక్క తెలియదు. ఋతుపర్ణునకు లెక్క తెలియును. తాండ్రచెట్టు ఆకు లెన్నిన ఆ ఋతుపర్ణునివద్ద నలుడు విద్య నేర్చిన కథ చిన్ననాడు ఎన్నిమాఱులు చదివితిమో! లెక్క లేక గుఱ్ఱమొక్కటియే మనలను గట్టెక్కింపదని ఆ రాత్రి మాకు తోచినది.

కొలుచు విధము సులభము. చెప్పులు విడిచి గోడకు వీపానించి నిలుచుండి, గట్టియట్ట పుస్తకమొకటి తొడలనడుమ పైకి నొక్కిపట్టి, నేలనుండి పుస్తకపు పైయంచునకు టేపుతో కొలువవలెను. మా కొలత 74 సెంటీమీటర్లు. దానిని 0.883 చేత గుణింపగా 65.3 వచ్చినది. పెడలుకడ్డీలు తిరుగు ఇరుసు నడిబిందువునుండి సీటు పైభాగమువఱకు ఉండవలసిన దూర మిది. 1986లో టూర్ డి ఫ్రాన్సు పందెము గెలిచిన గ్రెగ్ లెమాండు వలన ఈ గుణకము లోకమున వ్యాపించినది. మా సీటు 59 వద్ద నుండెను! ఆఱు సెంటీమీటర్లు తక్కువ. కాలు చాపుటకు చోటు లేక, ప్రతి తొక్కుడునకును బరువంతయు మోకాలిచిప్పపై పడుచుండెనన్నమాట.

లెక్క వలదను వారికి వేఱొక గుర్తు గలదు. ఒకరు సైకిలును పట్టుకొనగా సీటుపై కూర్చుండి, పెడలు మిక్కిలి క్రిందనున్నప్పుడు దానిపై మడమ నుంచిన కాలు చక్కగా చాగవలెను. తొక్కునప్పుడు మడమ కాక పాదపు ముందుభాగము పెడలుపై నుండును గనుక మోకాలు కొంచెము వంగియే యుండును. అంతకు మించిన యెత్తు పెట్టిన నడుము అటునిటు ఊగును. ఆఱు సెంటీమీటర్లును ఒక్కనాడే యెత్తక, రెండు మూడు దినముల కొక సెంటీమీటరు చొప్పున ఎత్తితిమి.

ఇప్పుడు కాళ్లు నేల కందవు. ఇదియే స్త్రీలు భయపడు చోటు. ఆగవలసినప్పుడు సీటుపైననే కూర్చుండి కాలు చాపరాదు. బ్రేకు పట్టుచు సీటునుండి ముందునకు జాఱి, ఫ్రేము కడ్డీకి ఇరుప్రక్కల కాళ్లుంచి నిలువవలెను. సాయంకాలము బడి మైదానమున పదిదినములు ఇదియే యభ్యసించితిమి. రెండుమాఱులు పడితిమి. మా చిన్నవాడు ఎనిమిదిమాఱులని వీధియంతయు చాటెను.

ఆదివారము వచ్చిన కుఱ్ఱవానికి కాఫీయిచ్చి పంపివేసితిమి.

సీటును గూర్చి. మేము మొదట మెత్తగా నుండునని జెల్లు తొడుగు కొని మోసపోయితిమి. మిక్కిలి మెత్తనిదానిలో ఎముకలు దిగబడి, బరువు ఎముకలపై గాక సుకుమారమైన భాగములపై పడును. మనము కూర్చుండునది రెండెముకలపై; అవి సాధారణముగా పురుషులకంటె స్త్రీలకు ఎడముగా నుండును. గట్టిపీటపై అట్టపెట్టె ముక్కను పఱచి, దానిపై కూర్చుండి లేచిన రెండు గుంటలు పడును. మాకు వాని నడిమి దూరము 13 సెంటీమీటర్లు. సీటు వెనుకభాగము దానికి రెండు సెంటీమీటర్లు మించి యుండిన చాలును. సైకిలుతో వచ్చిన సీటు అంతకంటె సన్ననిది. దానిని మార్చి, వెడల్పైన గట్టిసీటు పెట్టి, మట్టముగా బిగించితిమి. మెత్తకుట్టిన సైకిలు నిక్కరును చుడీదారు క్రింద తొడుగుదుము. దాని లోపల మఱియొక లోదుస్తు ధరింపరాదు, కుట్లు ఒఱసి పుండ్లగును.

చేతుల తిమ్మిరికి కారణము వేఱు. మా ఫ్రేము మాకు తగినదానికంటె ఒక కొలత పెద్దది. “సీటు దించుకొంటే సరిపోతుందమ్మా” అని అమ్మినతడు చెప్పగా నమ్మితిమి. సీటు దించిన ఎత్తు తగ్గును గాని హ్యాండిలు దగ్గఱకు రాదు. దానికై సాగి సాగి, దేహభారమంతయు అఱచేతులపై మోపితిమి. చిటికెనవ్రేలికి పోవు నరము అఱచేతి మూలమున నలిగినది. పెద్ద ఫ్రేమును చిన్నది చేయుట యెవ్వరి తరమును కాదు. అయినను హ్యాండిలును ఫ్రేముతో కలుపు మెడభాగము, అనగా స్టెమ్, 10 సెంటీమీటర్లది తీసి 6 సెంటీమీటర్లది పెట్టించితిమి. వేయి రూపాయలు కాలేదు. బ్రేకులలోని చిన్నమఱను త్రిప్పి, మా పొట్టివ్రేళ్లకు అందునట్లు వానిని దగ్గఱకు తెచ్చితిమి. ఇక పట్టు. క్రిందికి వంగిన కొమ్ములనే యెల్లప్పుడు పట్టవలెననుకొని మొదట మెడ విఱుగగొట్టుకొంటిమి. అవి ఆషాఢపు ఎదురుగాలికిని, దిగుడు దారికిని. తక్కిన కాలమంతయు బ్రేకుల తలలపై చేతులుంచి, మోచేతులు కొంచెము వంచి, అప్పుడప్పుడు పట్టు మార్చుచుండవలెను.

కొనబోవువారు మాత్రము ముందుగనే కడ్డీకి ఇరుప్రక్కల నిలిచి చూచుకొనవలెను. వేళ్లు రెండు మూడైనను నడుమ దూఱవలెను. కడ్డీయున్న సైకిలు మగవారిదని సంకోచింప బనిలేదు. మనకు దక్షిణముననున్న తమిళదేశమున, పుదుక్కోట్టై జిల్లాలో, 1990 తరువాతి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. అప్పటి కలెక్టరు శీలారాణి చుంకత్ అను నామె దీనికి పూనుకొనెను. లేడీస్ సైకిళ్లు దొఱకక మగవారి సైకిళ్లు కొనిరి. పైగా ముందుకడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టవచ్చునని వానినే మెచ్చుకొనిరి.

టైరు ప్రక్కన అచ్చువేసిన గాలిసంఖ్య మితియే గాని ఆజ్ఞ కాదు. మేము దానిని వేదవాక్యముగా నెంచి నిండ గొట్టి, ప్రతి గులకఱాయిని వెన్నెముకలో లెక్కపెట్టుకొంటిమి. 28 మిల్లీమీటర్ల టైర్లకు, 55 కిలోల దేహమునకు, ఇప్పుడు ముందు 60, వెనుక 70 పౌనులు పెట్టుచున్నాము. ఇంకను తగ్గించిన గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగి చిల్లులు పడును.

ట్యూబనగా జ్ఞప్తికి వచ్చినది. పుంగనూరు పొలిమేరలో మొదటిమాఱు పంక్చరు కాగా, నడిపించుకొనుచు నొక ముదుసలి సాయిబుగారి దుకాణమునకు పోయితిమి. ఆయన చక్కగా అతుకువేసి, గాలి కొట్టబోయి, ఆగి, “అమ్మా, ఈ సన్న మూతికి మా పంపు పట్టదే!” అనెను. మన యూళ్లలోని పంపులు మామూలు సైకిళ్ల వాల్వునకు తగినవి. ఈ సైకిళ్ల వాల్వు పెక్కింటికి సన్ననిది. తగిలించుటకు ఇత్తడి బిళ్ల యొకటి కలదు. పది యిరువది రూపాయల వస్తువు. అది లేక ఆ దినమున రెండు కిలోమీటర్లు నడిచితిమి. ఇప్పుడు రెండు బిళ్లలు, మాఱుట్యూబు, చేతిపంపు సంచిలో నుండును. పాతచీర పీలికయు నుండును; వారమున కొకమాఱు చెయినును దానితో తుడిచి, చుక్క చుక్కగా నూనెవేసి, మిగిలినది మరల తుడిచివేయవలెను. నూనె జిడ్డుగా నిలిచిన దుమ్మును పట్టి చెయినును ఆకురాయివలె నఱుగదీయును.

కాలినడకననే ఆనాడు ఇంటి ముంగిటికి చేరితిమి. మా తల్లిగారు తలుపు తీసి, వీధి అటునిటు చూచి, “ఎవరు దింపిపోయినారమ్మా?” అని యడిగిరి. సైకిలును చూపితిమి. వారు టైరును వ్రేలితో నొక్కిచూచి, “ఇంత సన్నమా!” అని, మఱేమియు ననక, లోనికి పోయి రాగిముద్ద పెట్టిరి. మరునాటినుండి వారము వచ్చినంతనే మాకొఱకు వీధియరుగుపై కూర్చుండు నలవాటయినది. పుంగనూరు ఆవును చూచితిరా? మూడడుగుల యెత్తు దాటుట యరుదు. కొంచెము మేతతో గడుపును. మా సైకిలును ఆ గోవు ప్రక్కన కట్టివేయవలసినదే యని మా తల్లిగారి పరిహాసము.

గడచిన మాఘమున కుప్పమునకు పోయితిమి. అనంతపురమునుండి కృష్ణగిరికి పోవు 42వ జాతీయరహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట, కుప్పములను గ్రుచ్చుకొని పోవును గనుక దారి తప్పు భయము లేదు. రాత్రి పుంగనూరున నిలిచి, తెల్లవాఱుజామున బయలుదేఱి, ఇంచుమించు 80 కిలోమీటర్లు తొక్కితిమి. మెట్ట వచ్చిన తరువాత గాక, వచ్చుటకు ముందే గేరు మార్చవలెనని ఆ దారి నేర్పినది. పలమనేరు చుట్టునున్నది కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు తిరుగు సీమ. పొద్దు క్రుంకకమునుపే దాటవలెను. కుప్పము బజారున ఇద్దఱు ముగ్గురు మమ్ము చూచి, “ఎలక్షన్లు వచ్చినాయా?” అని యడిగిరి. సైకిలు తెలుగుదేశమువారి గుర్తు గదా! చేతులు తిమ్మిరెక్కలేదు. తొడలు మాత్రము రెండుదినములు మూల్గినవి, అది న్యాయమే.

అక్కడ మా చెల్లెలి యింటి పెరటిలో, కొన్నేండ్ల క్రిందట ప్రభుత్వమువారు బడికొస్తా పథకమున తొమ్మిదవ తరగతి బాలికల కిచ్చిన సైకిలొకటి గోడకానియుండెను. పెద్దపిల్ల దానిని విడిచిపెట్టి చాల కాలమైనది. చిన్నది ఇప్పుడు తొమ్మిదవ తరగతి. తొక్కిన మోకాళ్లు నొచ్చునని ఎక్కదట. సీటు అట్టడుగునకు దిగి త్రుప్పుపట్టి యున్నది. స్పానరు తెమ్మంటిమి. పిల్లను గోడకు నిలువబెట్టి, దాని సాంఘికశాస్త్రపు పుస్తకమునే నడుమ పెట్టి కొలిచితిమి. 70 సెంటీమీటర్లు.

“పెద్దమ్మా, అంతెత్తైతే పడతాను” అనెను.

“పట్టుకొనియుందును, ఎక్కుము” అంటిమి.