మందు కొట్టే డ్రోన్ మొరాయిస్తే..?

వరి, మిర్చి, పత్తి చేలల్లో మందు కొట్టడానికి ఇప్పుడు చాలామంది రైతులు డ్రోన్‌ను అద్దెకు పిలుస్తున్నారు. రిమోట్‌తో ఎగిరే యంత్రంతో మందు చల్లడం కొత్తేమీ కాదు. జపాన్‌లో యమహా కంపెనీ 1987లోనే ఆర్-50 అనే పైలట్ లేని హెలికాప్టర్‌ను ఇందుకోసం తయారుచేసింది. అయితే చేను మధ్యలో యంత్రం మొరాయిస్తే నష్టపోయేది రైతే. కలిపిన మందును నిల్వ పెట్టుకోలేం. కొట్టినచోటే మళ్లీ కొడితే ఆకు మాడే ప్రమాదం ఉంది. వదిలేసినచోట పురుగు మిగిలిపోతుంది. అందుకే లోపం ఎక్కడుందో గుర్తుపట్టడం నడిపేవారితో పాటు రైతుకూ తెలిసి ఉండాలి.

చెవి, మెదడు

డ్రోన్‌కు రిసీవర్ చెవి లాంటిది. గట్టు మీది రిమోట్ నుంచి వచ్చే ఆజ్ఞలను అందుకుంటుంది. ఫ్లైట్ కంట్రోలర్ మెదడు లాంటిది. ఆ ఆజ్ఞలను, జీపీఎస్, దిక్సూచి ఇచ్చే వివరాలను చూసుకుని ఏ మోటారు ఎంత తిరగాలో నిర్ణయిస్తుంది.

సిగ్నల్ తెగితే

రిమోట్ కదిపినా పలక్కుండా డ్రోన్ గాలిలో నిలిచిపోయినా, తనంతట తానే బయల్దేరిన చోటికి వచ్చేసినా కంగారు పడొద్దు. సిగ్నల్ తెగినప్పుడు ప్రమాదం జరగకుండా చేసిన ఏర్పాటు అది. బ్యాటరీ తగ్గినా కొన్ని డ్రోన్లు ఇలాగే తిరిగొస్తాయి. కాబట్టి రిమోట్ తెర మీద ఏ హెచ్చరిక ఉందో ముందు చూడాలి.

చాలా రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. చెట్ల గుబుర్లు అడ్డొస్తే ఇవి బలహీనపడతాయి. డ్రోన్ కంటికి కనిపించే గట్టు మీదే నిలబడాలి. కడ్డీ యాంటెన్నా మొనను డ్రోన్ వైపు గురిపెడితే సిగ్నల్ తగ్గుతుంది. రిసీవర్ యాంటెన్నా తెగిందా, కార్బన్ చట్రానికి ఆనుకుందా చూడాలి. రిసీవర్ మార్చితే రిమోట్‌తో మళ్లీ జత చేయాల్సిందే. డ్రోన్ తిరిగొచ్చే ఎత్తును చెట్లకు, కరెంటు తీగలకు మించి ఉండేలా ముందే అమర్చుకోవాలి.

గానుగెద్దులా తిరుగుతుంటే

ఒకచోట నిలవాల్సిన డ్రోన్ గానుగెద్దులా సున్నాలు చుడుతూ, చుట్టు పెంచుకుంటూ పోతే దిక్సూచి తప్పు చెబుతోందని అనుమానించాలి. బోరు గొట్టం, ట్రాక్టరు, ఇనుప కంచె, మోటారు సైకిల్ దగ్గర నుంచి ఎగరేస్తే ఇలా జరుగుతుంది. వెంటనే దించేయాలి. ఇనుము లేని ఖాళీ చోటికి తీసుకెళ్లి దిక్సూచిని మళ్లీ సరిచేయాలి. జీపీఎస్ పూర్తిగా అందేదాకా ఎగరేయకూడదు.

ఎత్తు నిలకడగా లేకపోతే రెక్కలు చూడాలి. రెక్క పగిలినా, బిగింపు వదులైనా అదురు పుడుతుంది. ఆ అదురుకు ఫ్లైట్ కంట్రోలర్ తికమకపడుతుంది. రెక్క మార్చితే సరిపోయేదానికి కంట్రోలరే పోయిందనుకుని డబ్బు వదిలించుకోవద్దు.

ఈ జాగ్రత్తలు తప్పవు

* ఏ పరీక్ష చేయాలన్నా ముందు బ్యాటరీ తీసి, రెక్కలు విప్పాలి. ఆ తర్వాతే పరీక్ష కోసం బ్యాటరీ పెట్టాలి.
* ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. అప్పుడే లోపం ఎక్కడుందో తెలుస్తుంది.
* మందునీళ్లకు కనెక్టర్లు చిలుము పడతాయి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.
* సరిచేశాక మందు పోయకుండా, ఉత్త నీళ్లతో ఒక చుట్టు తిప్పి చూడాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఇలాంటి డ్రోన్ నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పిలిచే ముందే అడిగి చూసుకోండి. డ్రోన్ ఎక్కడ ఆగిందో ఆ సాలు దగ్గర ఒక కర్ర పాతండి. మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టిస్తే ఒకేచోట రెండుసార్లు మందు పడదు, చేనులో ఖాళీ మిగలదు.