శాస్త్రజ్ఞుల లెక్కలకు వేలిముద్ర



భూమి తగాదాలలో దస్తావేజు తేదీకి ఎంత విలువ కలదో మీకు వేరుగా చెప్పనక్కఱలేదు. సిరా పాతదా క్రొత్తదా, నడుమ నొక కాగితము మార్చిరా యని వ్యాజ్యములు ఏండ్ల తరబడి నడచుట మీరెఱిగినదే. పరిశోధనశాలలలో గూడ ఇట్టి తగాదాలు పుట్టుచుండును.

1986లో అమెరికాలో చిట్టెలుకలపై జరిపిన పరిశోధన నొకదానిని గూర్చి వ్యాసము వెలువడెను. అందలి కొలతలు నాడు తీసినవా, పిమ్మట కల్పించినవా యని సందేహము కలిగినది. ప్రయోగపు పుస్తకములను, దొంగనోట్ల నేరములను శోధించు ప్రభుత్వశాఖవారి కప్పగించి సిరాను, కాగితమును పరీక్షింపజేసిరి. తుదకు 1996లో, అప్పీలు విన్న మండలి నేరము రుజువు కాలేదని తీర్పు చెప్పెను. పదియేండ్లు ఒక శాస్త్రజ్ఞురాలు నిందను మోయవలసివచ్చినది!

కాగితముపై దిద్దినచో జాడయైన మిగులును. కంప్యూటరులో దాచిన లెక్కను దిద్దినచో పైకి జాడయే కనబడదు. ఆ వివాదము నడుచుచుండగానే, 1991లో, స్టువర్టు హేబరు, స్కాటు స్టోర్నెట్టా అను నిరువురు దీనికొక ఉపాయమును ప్రకటించిరి. దానికి మూలము గూఢలిపిశాస్త్రము.

ఈ కోరిక మాత్రము పాతదే. 1676లో ఇంగ్లండులో రాబర్టు హుక్కు తాను కనుగొన్న స్ప్రింగు సూత్రము నితరులు అపహరింపకుండ, ఆ వాక్యమందలి 14 అక్షరములను విడదీసి, వరుసక్రమమున పేర్చి అచ్చువేయించెను. అర్థమును 1678లో విప్పి చెప్పెను. అనగా సంగతి దాగియుండెను, తేదీ మాత్రము లోకమునకు తెలిసెను.

నేడు యంత్రము లెక్కల పట్టికను అంకెలుగా మార్చి, ఆ అంకెలను మాటిమాటికి కలిపి, కలచి, తుదకొక ముద్ర నిచ్చును. ఎక్కువ వాడుకలోనున్న యొక పద్ధతిలో అది 64 గుర్తులుగా వ్రాయబడును. పట్టిక యొక పుటయైనను వేయి సంపుటములైనను ముద్ర పొడవొక్కటే. 2 అంగుళముల వానను 3 అంగుళములని దిద్దినచో ముద్ర యావత్తును మారిపోవును. ముద్రను చూచి పట్టికను తిరిగి రాబట్టుట సాధ్యము కాదు. పట్టిక చేతనున్నవారెవరైనను మరల ముద్ర తీసి సరిచూచుకొనవచ్చును.

తేదీ మాటయో? ఒకరి ముద్రలో ముందు వచ్చినవారి ముద్రను గూడ కలిపి గొలుసుగా కట్టుదురు. నడిమి కొలికి నొకదానిని మార్చినచో తరువాతివన్నియు తప్పిపోవును. 1995 మొదలుకొని ఇట్టి ముద్రను వారమున కొకమారు న్యూయార్కు టైమ్సు పత్రికలో, చిన్న ప్రకటనల నడుమ అచ్చువేయించుచు వచ్చిరి. ఊరూర చేరిన పత్రిక ప్రతులన్నిటిని వెనుకకు తెచ్చి దిద్దగలవాడెవడు?

అయితే ఒక మాట. వాన కొలవకయే కొలిచినట్లు వ్రాసి ముద్ర వేసినచో, ముద్ర ఆ అబద్ధమునే భద్రముగా కాపాడును! కొలుచువాని నిజాయితీని ఏ గణితమును చూడజాలదు. ముద్ర పడిన పిమ్మట చేయి పడలేదని మాత్రమే అది సాక్ష్యము చెప్పును. ముద్రలకును వార్ధక్యము కలదు. 2017లో, పూర్వము విరివిగా వాడిన యొక పద్ధతిలో, రెండు వేర్వేరు పత్రములకు ఒకే ముద్ర వచ్చునట్లు చేసి చూపిరి. కావున, తాటాకు శిథిలము కాకమునుపే మన పెద్దలు ప్రతి వ్రాయించినట్లు, పాతముద్ర బలము తగ్గకమునుపే ఆ లెక్కలకు క్రొత్త పద్ధతిని మరల ముద్ర వేయవలసియుండును.