కార్టూన్ ముందా... బొమ్మ ముందా?

ఇంటర్వ్యూలో 'మీ హాబీలేంటి?' అని అడిగితే చాలామంది పుస్తకాలు చదవడం, పాటలు వినడం అనేసి ఊరుకుంటారు. అల్మరాలో బెన్ టెన్ వాచీ, బేబ్లేడ్లు, నాలుగైదు ట్రాన్స్‌ఫార్మర్లు భద్రంగా దాచుకున్న కుర్రాడు కూడా ఆ సంగతి పైకి చెప్పడు. ఇంకా చిన్నపిల్లాడేనా అనుకుంటారేమోనని జంకు. కానీ ఆ అల్మరా గురించి సరిగ్గా మాట్లాడగలిగితే ప్యానెల్ చెవులు రిక్కించి వింటుంది. ఆ బొమ్మల వెనక మార్కెటింగ్, డిజైన్, తయారీ ఖర్చు, చట్టం... అన్నీ ఉన్నాయి మరి.

కార్టూన్ హిట్టయ్యాకే బొమ్మలు వస్తాయని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగింది తలకిందులుగా. మాటెల్ కంపెనీ హీ-మ్యాన్ బొమ్మల్ని 1982లో మార్కెట్లోకి తెస్తే, కార్టూన్ 1983లో వచ్చింది. మన దూరదర్శన్‌లోనూ వేశారు. మీ బాబాయినో మావయ్యనో అడగండి, కత్తి పైకెత్తే పోజు పెట్టి మరీ చెప్తారు! ట్రాన్స్‌ఫార్మర్లదీ అదే దారి. జపాన్‌లో తకారా కంపెనీ అప్పటికే అమ్ముతున్న రోబో బొమ్మల హక్కులు హస్బ్రో తీసుకుంది. మార్వెల్ కామిక్స్ వాళ్లతో పేర్లు, కథలు రాయించి 1984లో కార్టూన్‌తో సహా దించింది. అంతెందుకు, మీరు ఆడిన బేబ్లేడ్ కూడా తకారాదే. బొంగరం 1999లో, టీవీ సీరియల్ 2001లో.

అమెరికాలో ఇది అంతకుముందు కుదిరేది కాదు. 1969లో హాట్ వీల్స్ కార్ల మీద కార్టూన్ వేస్తే, ఇది కార్యక్రమం కాదు ప్రకటన అని ప్రత్యర్థి కంపెనీ అభ్యంతరం చెప్పింది. ప్రసారాల నియంత్రణ సంస్థ కూడా దాన్ని తప్పుపట్టింది. 1980ల్లో రీగన్ ప్రభుత్వ కాలంలో ఆ పట్టు సడలింది. 1984లో ప్రకటనల సమయంపై పరిమితులు ఎత్తేశారు. దాంతో అరగంట కార్టూన్ అంటే అరగంట యాడ్ అన్నంత పనైంది. మళ్లీ 1990లో చట్టం చేసి, పిల్లల కార్యక్రమాల్లో గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలకు మించి యాడ్లు వేయకూడదన్నారు.

ఇంజినీరింగ్ వాళ్లకి బాగా నచ్చే భాగం ఇప్పుడొస్తుంది. బొమ్మ తయారీలో అసలు ఖర్చంతా అచ్చుదే. అందుకే హీ-మ్యాన్ బొమ్మల్లో చాలావాటికి ఒకే మొండెం అచ్చు వాడారు. తల మార్చు, రంగు మార్చు, కొత్త క్యారెక్టర్ రెడీ. హీ-మ్యాన్ ఎక్కి తిరిగే బ్యాటిల్ క్యాట్ పులి, మాటెల్ పాత 'బిగ్ జిమ్' బొమ్మల్లోని పులి అచ్చే. ఆ బొమ్మల సైజు వేరు కాబట్టి పులి హీ-మ్యాన్ పక్కన భారీగా కనిపించింది. సరే, జీను వేసి వాహనం చేసేశారు! జీఐ జో సిరీస్‌లో స్నేక్ ఐస్ కథ ఇంకా బాగుంటుంది. 1982లో పెయింటింగ్ ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక బొమ్మను ఒట్టి నల్ల ప్లాస్టిక్‌తో వదిలేశారు. ముఖం కనపడదు, మాటా లేదు. మొత్తం సిరీస్‌లో జనం ఎక్కువగా ఇష్టపడింది వాడినే.

ఖర్చు లెక్కలు ఒక్కోసారి బెడిసికొడతాయి కూడా. 1986 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపేశారు. కారణం కథ కాదు, షాపుల్లో కొత్త బొమ్మలకు చోటు కావాలి. థియేటర్లలో పిల్లలు గొల్లుమన్నారు. అదే సమయంలో తయారవుతున్న జీఐ జో సినిమాలో చనిపోవాల్సిన డ్యూక్‌ను అప్పటికప్పుడు కోమాలోకి పంపి బతికించారు.

ఇక పాత బొమ్మలు సేకరించే సంగతి. మన దేశానికి ఇందులో సొంత అధ్యాయమే ఉంది. ఎమ్మారెఫ్, హస్బ్రో కలిసి 1987లో ఫన్‌స్కూల్ మొదలుపెట్టాయి. అమెరికాలో ఆపేసిన జీఐ జో అచ్చులు కొన్ని ఇక్కడికొచ్చాయి. వేరే రంగులతో, అక్కడెప్పుడూ రాని రూపాల్లో బొమ్మలు తయారయ్యాయి. అందుకే విదేశీ కలెక్టర్లు ఫన్‌స్కూల్ జోల కోసం వెతుకుతారు. మీ ఇంటి అటక మీద పాత ట్రంకుపెట్టె ఉంటే, పాతసామాన్ల బండికి వేసేముందు ఒకసారి తెరిచి చూడండి.

అలాగని అటక మీద లక్షలున్నాయని ఊహించుకోవద్దు. కార్డు మీద సీలు విప్పని బొమ్మ వేరు, ఆడి పడేసిన బొమ్మ వేరు. ధరలో తేడా చాలా పెద్దది. వీపు మీద అచ్చైన సంవత్సరం చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. అది అచ్చు కాపీరైట్ ఏడాది మాత్రమే, బొమ్మ పదేళ్ల తర్వాత తయారై ఉండొచ్చు. తుపాకీ, కత్తి లాంటి చిన్న సామాన్లకు నకిలీలు బోలెడు. జీఐ జో నడుము దగ్గర ఊడిపోతే కంగారొద్దు, లోపలి రబ్బరు రింగు తెగి ఉంటుంది, మార్చుకోవచ్చు. బంగారు రంగు ప్లాస్టిక్ ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం ముట్టుకుంటే పొడిపొడి కావచ్చు. కొనేటప్పుడు అమ్మేవాడు చెప్పిన ధర కాదు, అలాంటివి నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడాలి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలిపి బొమ్మ ధరను దాటేయొచ్చు. ఉద్యోగం ఇంకా రాలేదంటే క్రెడిట్ కార్డు మీద, ఈఎంఐల మీద బాల్యాన్ని కొనొద్దు. ఆ బొమ్మ వచ్చే ఏడాదీ దొరుకుతుంది, కోచింగ్ ఫీజు గడువు ఆగదు.

అత్యంత ఖరీదైన బొమ్మల్లో ఒకటి అసలు షాపుకే రాలేదు. స్టార్ వార్స్ బోబా ఫెట్ వీపు నుంచి రాకెట్ ఎగిరేలా కెన్నర్ కంపెనీ 1979లో నమూనాలు చేసింది. అంతలో మరో కంపెనీ బొమ్మలోంచి వచ్చిన క్షిపణి గొంతులో అడ్డుపడి ఒక పిల్లాడు చనిపోయాడు. కెన్నర్ రాకెట్‌ను కదలకుండా బిగించి అమ్మింది. మిగిలిపోయిన నమూనాల్లో ఒకటి 2024 వేలంలో 5,25,000 డాలర్లు పలికింది.

ఆ భయం నుంచి పుట్టిన ఉద్యోగాలు మన దగ్గరా ఉన్నాయి. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. చిన్న భాగాలు ఊడతాయా, రంగులో సీసం ఉందా అని పరీక్షించే పని మెకానికల్, కెమిస్ట్రీ చదివినవాళ్లదే. డిజైన్ వైపు మనసుంటే ఎన్ఐడీలో టాయ్ అండ్ గేమ్ డిజైన్ ఎం.డెస్ ఉంది. డ్యాట్ రాయాలి, బీటెక్ వాళ్లూ అర్హులే. ఐఐటీల్లో ఎం.డెస్‌కు సీడ్. యానిమేషన్ అనుకుంటే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ చేయొచ్చు. 2008లో వచ్చిన ఛోటా భీమ్ ఈ ఊరి గ్రీన్ గోల్డ్ స్టూడియోదే. అక్కడ మాత్రం కార్టూనే ముందు. లడ్డూలు తినే పిల్లాడు జనానికి నచ్చాకే బ్యాగులు, బాక్సులు, బొమ్మలు వచ్చాయి.

హాబీ గురించి అడిగినప్పుడు 'బొమ్మలు సేకరిస్తాను' అని ఆపేస్తే నవ్వి ఊరుకుంటారు. స్నేక్ ఐస్ నలుపు వెనక లెక్కేంటో చెప్పి చూడండి, రెండో ప్రశ్న వాళ్లే వేస్తారు.