పొణికి కఱ్ఱతో జెట్టు విమానము

భైంసాకుఁ జేరువనున్న నిర్మల్‌లో బొమ్మలు పొణికి కఱ్ఱతోఁ జేయఁబడునని మీరెఱుఁగుదురు. తేలికయు, మెత్తనిదియు నగు ఆ కఱ్ఱ చాకునకు సులభముగా లొంగును. దానితోనే పిల్లలచే నాఁటి చెకోస్లొవేకియా దేశపు ఎల్-39 జెట్టు విమానపు నమూనాను చేయింపవచ్చును. 1968లో మొదట నెగిరిన యీ సైనిక విమానము శిక్షణకై నిర్మింపఁబడినది; శిష్యుఁడు ముందును, గురువు వెనుకను గూర్చుందురు.

దీని పొడవు 12.13 మీటర్లు; ఱెక్కల కొనల నడుమ దూరము 9.46 మీటర్లు. 72వ వంతునకుఁ దగ్గించినచో అవి 16.8, 13.1 సెంటీమీటర్లగును. ప్రతి భాగమును ఇదే వంతునకుఁ దగ్గింపవలెను. ముక్కొక్కటి పొడవైనను అది నమూనా గాక ఉత్త బొమ్మ యగును. అతుకులకు నిర్మల్ పనివారు వాడు చింతగింజల పిండి, ఱంపపుపొట్టు కలిపిన ముద్దయే చాలును.

ఈ పనిని కొడుకునకే విడువక, కొలబద్దను కూఁతు చేతికిని ఇండు. పుస్తకములో బెదరించు భాగహారము చేతిపనిలోఁ జెలిమి చేయును.