కోతల కాలమున కంటికి పొంచియున్న బూజు తెగులు

గోదావరి డెల్టాలో వరి సాగుచేయు రైతునకు అగ్గి తెగులన్నను, పొడ తెగులన్నను క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ఆకుపై మచ్చ కనబడిన నాడే మందు కొరకు పరుగెత్తును. ఈ తెగుళ్లను కలిగించునవి శిలీంధ్రములు, అనగా బూజు జాతి సూక్ష్మజీవులు. ఈ జాతిలోనివే కొన్ని మనిషికిని రోగము తెచ్చునను సంగతి మాత్రము మన గ్రామములలో అంతగా ప్రచారము కాలేదు. పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరమని తలచి ఇచట వివరించుచున్నాము.

శిలీంధ్రములకు పుట్టినిల్లు నేల. కుళ్లిన ఆకు, తడిసిన గడ్డి, పెంటకుప్ప, ముక్కిన ధాన్యము, ఇవియే వాని ఆహారము. ఇవి లేకున్నచో పొలములలో చెత్త మరల మట్టిలో కలియక పేరుకొనిపోవును. కావున వీనినన్నిటిని శత్రువులని తలచరాదు. ఇంతవరకు పేరు పెట్టబడిన జాతులు లక్షన్నర వరకు కలవు. మనిషికి రోగము తేగలవి కొన్ని వందలు మాత్రమే. 37 డిగ్రీల మన శరీరపు వేడిమి వానిలో అధిక భాగమునకు సరిపడదు. కంటికి కనబడని వాని సిద్ధబీజములు గాలిలో తేలుచు శ్వాసతో లోనికి పోవుచునే యుండును. ఆరోగ్యవంతుని దేహము వానిని అణచివేయును. గాయమైనపుడో, దేహబలము సన్నగిల్లినపుడో వానికి తావు దొరకును. 2021లో కోవిడ్ సోకిన మధుమేహ రోగులను పీడించిన నల్ల ఫంగస్ ఇట్టిదే. అది ఒకరినుండి మరొకరికి అంటునది కాదు. తామర మాత్రము అంటువ్యాధియే. తువ్వాలు, బట్టలు, పశువుల స్పర్శ వలనను వ్యాపించును.

ఇక మన ప్రాంతమునకు ముఖ్యమైనది కన్ను. సార్వా మాసూళ్లు వచ్చినవనగా గాలిలో ఊక, నూగు, దుమ్ము లేచును. యంత్రములతో కోత, నూర్పిడి జరుగుచున్నను, ధాన్యమెండబెట్టుట, గడ్డి మోపులెత్తుట, వామి వేయుట నేటికిని అనేకచోట్ల చేతి పనులే. వరి ఆకు అంచు గాని, గింజ ముల్లు గాని తగిలినచో నల్లగ్రుడ్డుపై నుండు అద్దమువంటి పొర గీరుకొనును. ఆకునంటియున్న సిద్ధబీజము ఆ గీతలో నాటుకొనును. మొదట నలుసు పడినట్లుండి, కొన్ని దినములకు కన్నెర్రబారి, నీరు కారి, వెలుగు చూడలేని స్థితి వచ్చును. పుండు మానినను మిగులు తెల్లమచ్చనే పల్లెలలో పువ్వందురు.

ఈ వ్యాధిని 1879లో వైద్యగ్రంథములకెక్కించినవాడు జర్మనీ దేశపు లెబర్ అను నేత్రవైద్యుడు. ఆ రోగియు ఓట్సు నూర్చుచుండగా పొట్టు కంటబడిన రైతే! హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో (ఆ సంస్థ పేరు మోయుచున్న సినీ ప్రముఖులు ఏలూరు ప్రాంతమువారే) 1991 మొదలు 2000 వరకు ఇట్టి రోగులు 1352 మందిని పరిశీలించిరి. వారిలో 736 మందికి ముందుగా కంటికి దెబ్బ తగిలియున్నది. మూడింట రెండు వంతులకు దరిదాపుగా 16 నుండి 49 ఏండ్ల లోపువారు, అనగా సంసారమును మోయువారు. వర్షకాలమునను, చలికాలమునను వ్యాధి హెచ్చు. ఈ కాలములు మన సేద్యపు పనుల కాలములే యని వేరుగ చెప్పనక్కరలేదు.

మందుల విషయమున ఒక చిక్కు కలదు. భీమవరమున 1895లో జన్మించి రాజమహేంద్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఏ పరిశోధనలకు పెద్దగానుండిరో, వాని ఫలితమైన ఆరియోమైసిన్ బాక్టీరియాలను అణచును గాని బూజును తాకదు. శిలీంధ్రములు చెట్లకంటె జంతువులకే దగ్గరి చుట్టములు. మన కణములను నొప్పించక వానిని చంపగల మందులు కొద్ది. (విచిత్రమేమనగా, ఆయన గౌరవార్థము ఒక శిలీంధ్ర జాతికే సుబ్బరోమైసిస్ అని పేరిడిరి.) కావున అంగడిలో అడిగి తెచ్చుకొను ఏవో చుక్కలు పనిచేయవు. వానిలో స్టిరాయిడు చుక్కలు మరింత ప్రమాదము. వానితో ఎరుపు, నొప్పి తగ్గి రోగి సంతోషించును. లోపల బూజు అడ్డులేక పెరుగును. తామరకు పూయు స్టిరాయిడు కలిసిన లేపనముల సంగతియు ఇంతే. ఆకు పసరు, చనుబాలు, ఆముదము పోయుటయు, కొంగు కొనతో నలుసు తీయుటయు మానవలెను.

కన్ను గీరుకొనిన నాడే శుభ్రమైన నీటితో కడిగి, నలపక, ఉపకేంద్రపు నర్సుకు చూపి, ఆమె సలహాపై నేత్రవైద్యుని యొద్దకు పోవలెను. వైద్యుడు పుండును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూచినచో బూజు పోగులు కొద్ది నిమిషములలోనే తెలియవచ్చును. అప్పుడు నేటమైసిన్ అను చుక్కలు వేయుదురు. పోగులు గల బూజు పుండ్లకు ఇది మరియొక క్రొత్త మందుకంటె మేలని దక్షిణ భారతదేశపు ఆసుపత్రులలో జరిగిన పరీక్ష 2013లో తేల్చినది.

మాసూళ్లకు ముందు జరుగు గ్రామసభలో ఈ సంగతి చెప్పించుట, కల్లములలో పనిచేయు కూలీలకు కళ్లద్దములు సమకూర్చుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. కష్టమైనది చికిత్స మొదలైన తరువాత వచ్చును. నేటమైసిన్ తొలి దినములలో గంటగంటకు వేయవలెను, వారముల తరబడి వాడవలెను. కూలికి పోనిదే పొయ్యి వెలుగని ఇంట అన్ని దినములు కూర్చుండుట తేలిక కాదు. కొంచెము నెమ్మదించగానే చుక్కలు మానుట అందువలననే. అట్టి ఇంటికి వార్డు సభ్యులొకరు వారమునకు రెండుమారులు పోయి, సీసా ఖాళీయైనదా, మరల ఆసుపత్రికి పోవలసిన దినమెప్పుడు అని విచారింపవలెను.